గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభమేనా?



మీలో చాలామంది సొంత వ్యాపారం చేస్తున్నారు. పనితనం ఎంత ఉన్నా, లెక్క తప్పితే చిన్న వ్యాపారం నిలబడదు. ఈ నెల మీ పిల్లలతో కలిసి ఈ లెక్క చేసి చూడండి.

ఒక టిఫిన్ సెంటర్‌లో రోజుకు 100 ప్లేట్లు అమ్ముతారనుకుందాం. ప్లేటు 40 రూపాయలు. అమ్మకం 4,000. సరుకులకు 2,000, గ్యాస్‌కు 300, అద్దెకు 400, పనివాడి కూలికి 600. మొత్తం ఖర్చు 3,300. మిగిలింది 700.

ఇదంతా లాభం కాదు. తెల్లవారుజామునే లేచి పొయ్యి వెలిగించిన యజమానికీ 600 కూలి కట్టాలి. అసలు లాభం 100 మాత్రమే. ఆ రోజు 300 అరువు పోతే చేతిలో మిగిలేది 400. అంటే ఆయన కూలి కూడా పూర్తిగా రాలేదు.

అందుకే మూడు అలవాట్లు ముఖ్యం:

1. కొట్టు డబ్బు, ఇంటి డబ్బు వేరుగా ఉంచాలి. ఇంటికి మీ కూలి మాత్రమే తీసుకోవాలి. ఫీజు కోసం సరుకుల డబ్బు తీస్తే, మర్నాడు సరుకులకు అప్పు చేయాల్సి వస్తుంది.
2. అరువు ఇచ్చిన రోజే పేరు, మొత్తం, తిరిగి ఇచ్చే తేదీ రాయాలి.
3. రోజూ కొట్టు కట్టేసే ముందు లెక్క చూడాలి.

ఆ 100 రూపాయలు రోజూ పక్కన పెడితే ఏడాదికి 36,500 అవుతాయి. ఈ రాత్రి మీ లెక్కల పుస్తకం పిల్లల ముందు తెరవండి. వాళ్ల చదువు వెనుక ఉన్న కష్టం వాళ్లకూ తెలుస్తుంది.