దంతవైద్యశాల – జవాబుదారీతనం

దంతవైద్యుడు రోగి నోటిలో ఉంచే అద్దం, పటకారు మొదలైనవి అంతకుముందు మరొకరి నోటిలో ఉంచినవే. ఈ విషయం రోగికి స్ఫురించదు. సిబ్బందికి మాత్రం అనుక్షణం స్ఫురించాలి.

వాడిన పరికరాలను కడిగి, సంచులలో మూసి, ఆటోక్లేవ్ యంత్రంలో అధిక పీడనంతో కూడిన ఆవిరికి గురిచేస్తారు. సాధారణంగా 134 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత కనీసం 3 నిమిషాలు నిలవాలి. సంచిపై గుర్తు రంగు మారినంత మాత్రాన సూక్ష్మజీవులు నశించాయని చెప్పలేం. అది వేడి సోకిందనడానికే నిదర్శనం. అందుకే వారానికొకసారి, వేడికి సులభంగా లొంగని సిద్ధబీజాలను యంత్రంలో ఉంచి, అవి నశించాయో లేదో పరీక్షించాలి.

ఈ పరీక్ష ఎవరి విధి? 'అందరిదీ' అన్నచోట, సహాయకురాలు చేసిందని వైద్యుడు అనుకొంటాడు. మరొకరు చేశారని ఆమె అనుకొంటుంది. కనుక తేదీ, యంత్రం నడిపినవారి పేరు, ఫలితం, సంతకం రిజిస్టరులో నమోదు కావాలి. పరీక్ష విఫలమైతే ఆ యంత్రాన్ని ఆపి, కిందటి పరీక్ష తరువాత శుద్ధిచేసినవాటన్నిటినీ మరో యంత్రంలో తిరిగి శుద్ధిచేయాలి. అయితే, నిజం చెప్పినవారిని దండించే చోట రిజిస్టరు ఎప్పుడూ నిర్దోషంగానే కనబడుతుంది!

వైద్యుడు కూడా ఈ కట్టుబాటుకు అతీతుడు కాడు. కొత్తగా చేరిన సహాయకురాలు "సార్, చేతితొడుగులు మార్చలేదు" అంటే, ఆయన "నిజమేనమ్మా" అని మార్చుకోవాలి.