ఇంజినీరుకు నల్లకోటు నప్పుతుందా?

ప్రశ్న: ఈసీఈలో బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. పేటెంట్ కేసులు వాదించే లాయర్ కావాలనుంది. చదివిన ఇంజినీరింగ్ వృథా అవుతుందా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వృథా కాదు, అదే మీ పెట్టుబడి. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయండి. ఆపైన బార్ కౌన్సిల్‌లో నమోదు, ఏఐబీఈ అనే బార్ పరీక్ష. పేటెంట్ ఏజెంట్ పరీక్ష వేరు. దానికి సైన్సు లేదా ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి, లా పట్టా అక్కర్లేదు. చాలామంది ఈ రెంటినీ కలగలిపేస్తారు. ఏజెంటు పని పేటెంట్ ఆఫీసు వరకే. కోర్టులో వాదించేది అడ్వకేటే.

ఉల్లంఘన దావా జిల్లా కోర్టులో మొదలైనా, ప్రతివాది ‘అసలు ఆ పేటెంటే చెల్లదు’ అని ఎదురుదావా వేస్తే కేసు హైకోర్టుకు వెళ్తుంది. అక్కడ ఒక్క మాటకు చెప్పే అర్థం మీదే గెలుపోటములు తేలవచ్చు. గ్లివెక్ మందుపై నోవార్టిస్ కంపెనీ కేసులో 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదవండి. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డి)లో ‘సామర్థ్యం’ అన్న మాట చుట్టూ ఎంత వాదన నడిచిందో! అది చదువుతూ మీకు నిద్ర ముంచుకొస్తే ఈ ఆలోచన మానుకోవచ్చు.

2021లో పేటెంట్ అప్పీళ్లు వినే బోర్డు రద్దయ్యాక ఆ పని హైకోర్టులకు చేరింది. మన రెండు రాష్ట్రాల పేటెంట్ దరఖాస్తులు చూసేది చెన్నై కార్యాలయం. కాబట్టి చెన్నైలోనో, పేటెంట్ కేసులు ఎక్కువగా నడిచే ఢిల్లీలోనో సీనియర్‌ను వెతుక్కోండి. జూనియర్‌గా మొదట్లో వచ్చేది మీ ఇప్పటి జీతానికి సాటిరాదు. ఇంటి ఈఎంఐ ఉంటే, అది తీరాకే రాజీనామా ఇవ్వండి.