మారకపు వట్టము: సభ్యులెఱుఁగవలసిన లెక్క

1948 వఱకు మన ఖమ్మము నిజాము ఏలుబడిలోను, భద్రాచలము చెన్నరాజధానిలోను ఉండెను. ఇచ్చట హాలీ సిక్కా, అచ్చట కల్దారు చెల్లుచుండెను. నిర్ణీత మారకము 7 హాలీలకు 6 కల్దార్లు. అనఁగా 100 కల్దార్లకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైలు. షరాబు "వట్టము లేదు" అనుచునే 120 హాలీలు గైకొనినచో, 3 రూపాయల 5 అణాల 4 పైలు వానికి మిగులును. వట్టము మాటలో లేదు, ధరలో నున్నది.

హాలీ పోయినను ఈ యుపాయము పోలేదు. పరదేశమునఁ జదువు బిడ్డకు 1,000 డాలర్లు పంపవలె ననుకొందము. నాఁటి బజారు ధర డాలరునకు 80 రూపాయలై, పంపువారు 82 చొప్పున లెక్కించినచో, "రుసుము లేదు" అన్నను 2,000 రూపాయలు పోయినట్లే.

కావున సభ్యు లీ మూఁడు పనులు చేయవలెను:

1. ఆ దినపు బజారు ధరను ముందుగాఁ దెలిసికొనుఁడు.

2. రుసుము, పన్నులతోఁ గూడ మొత్త మెన్ని రూపాయలో, మధ్య బ్యాంకుల కోత పోను బిడ్డ చేతి కెన్ని డాలర్లు చేరునో వ్రాయించుకొనుఁడు.

3. రెండు మూఁడు చోట్ల అడిగి పోల్చుఁడు.

ధాన్యము తూఁకమును సరిచూచుకొను రైతు, మారకపు ధరనుగూడ సరిచూచుకొనవలెను. లెక్క యడుగుటకు సంకోచింపరాదని మా మనవి.