భూమి సూర్యునిలో నేల పడిపోదు?

సూర్యుడు నిరంతరము తనవైపునకు లాగుచుండగా భూమి వానిలో నేల పడిపోదని విద్యార్థులు మమ్ము తరచుగా నడుగుచుందురు. పడుచునే యున్నది! ప్రతి సెకనునకు పెసరగింజంత, అనగా సుమారు 3 మిల్లీమీటర్లు, సూర్యునివైపు వాలుచున్నది. అయితే ఆ సెకనులోనే 30 కిలోమీటర్లు ప్రక్కకు పరుగెత్తుచున్నది, దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరునకు మెట్రోరైలులో పోవు మనకు ఆ వేగ మూహింపనైన నలవికాదు.

దావీదు వడిసెలలోని రాయి త్రాటి పట్టుననే గిరగిర తిరిగెను. విడిచినంతనే సూటిగా పోయి గొల్యాతు నుదుట తగిలెను. భూమికి సూర్యాకర్షణమే ఆ త్రాడు, కంటికి కనబడని త్రాడు. పరుగే యాగినచో భూమి దాదాపు 65 దినములలో సూర్యునిలో కలిసిపోవును. త్రాడే తెగినచో సూటిగా చీకటిలోనికి పోవును.

సౌరకుటుంబపు ద్రవ్యరాశిలో నూటికి 99 పాళ్లకు పైగా సూర్యునిదే. కనుకనే ఆ త్రాడు బహుదూరము సాగుచున్నది. నవాబు జఫర్ జంగ్ 1901లో మన ప్రాంతమున కెక్కువ దూరము కాని ఫిసల్‌బండలో స్థాపించిన నిజామియా వేధశాల 1908లో బేగంపేటకు మారెను. పిదప రెండేండ్లకు, 1910లో, హేలీ తోకచుక్క కనబడెను. మరల 1986లో వచ్చి పోయెను. 2023 డిసెంబరున నెప్ట్యూను కక్ష్యకన్న దూరమున, సెకనునకు ఒక కిలోమీటరైన నడువని మందగతిలో నుండగా, సూర్యుడు దానిని వెనుకకు మరల్చెను. 2061లో వచ్చును. నేటి మా విద్యార్థులు దానిని చూడగలరు.