తొలి పందెము

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి అను రెండు ప్రాచీన విశ్వవిద్యాలయములు కలవు. విద్యయందు వలెనే పడవ పందెములయందును అవి ఒకదానితో నొకటి పోటీపడుచుండును. పురుష విద్యార్థుల నడుమ ఈ పందెము 1829వ సంవత్సరమున మొదలయ్యెను. ఆ రెండు విశ్వవిద్యాలయముల విద్యార్థినులు తమలో తాము తలపడుటకు ఆపై ఇంచుమించు నూరేండ్లు పట్టెను.

పందెపు పడవ మన రేవులలోని నాటుపడవ వంటిది కాదు. అది మిక్కిలి సన్నముగాను, తేలికగాను, దాదాపు 60 అడుగుల పొడవుగాను ఉండును. అందు ఎనమండుగురు తెడ్లు వేయుదురు. ఒక్కొక్కరికి ఒక్క తెడ్డే యుండును. వారందరును పడవ పోవు దిక్కునకు వీపు పెట్టి కూర్చుందురు. చుక్కాని పట్టిన తొమ్మిదవ వ్యక్తికి మాత్రమే ముందున్న దారి కనబడును. ఆ వ్యక్తి మాటను నమ్మి తక్కినవారు తెడ్లు వేయవలెను. ఎనిమిది తెడ్లును ఒక్కసారిగా నీట మునిగి ఒక్కసారిగా పైకి లేవవలెను. ఒకరు తడబడినను పడవ ఒరిగి వేగము తగ్గును. కావున ఎంతటి బలము గలవారైనను తమ బలమును తోడివారి లయతో కలుపవలసినదే.

1927వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున విద్యార్థినుల తొలి పందెము జరిగెను. అది జరిగిన నది పేరు ఐసిస్. థేమ్స్ నదినే ఆ ప్రాంతమున ఐసిస్ అని పిలిచెదరు. కేంబ్రిడ్జి పక్షమున న్యూన్‌హామ్ కళాశాల విద్యార్థినులు వచ్చిరి. నదీతీరమున జనులు గుంపులుగా చేరిరి. అయితే వారిలో పెక్కురు మెచ్చుకొనుటకు వచ్చినవారు కారు. స్త్రీలు తెడ్లు పట్టి పోటీకి దిగుట తగదని తలచువారు ఆనాడు అనేకులు.

ఆ పందెమునకు ఒక వింత నియమము కలదు. రెండు పడవలును ఒకేసారి నీటిపై నుండరాదు. ఒక జట్టు వెళ్లిన పిదప మరియొక జట్టు వెళ్లవలెను. వేగముతోపాటు తెడ్లు వేయుటలోని సొంపును సైతము న్యాయనిర్ణేతలు చూచిరి. పందెపు దూరము అర మైలు మాత్రమే. ప్రక్కన పోటీ పడవ లేదు. ఒడ్డున ప్రోత్సాహమును అంతగా లేదు. అయినను ఆ యువతులు లయ తప్పక తెడ్లు వేసిరి. ఆక్స్‌ఫర్డు జట్టు జయమందెను.

ఆనాటి కేంబ్రిడ్జి విద్యార్థినులకు మరియొక కొరతయు నుండెను. పురుషులతో సమానముగా పరీక్షలలో నెగ్గినను, విశ్వవిద్యాలయ సభ్యత్వముతో కూడిన పట్టము వారికి లభించెడిది కాదు. ఆక్స్‌ఫర్డు 1920లోనే స్త్రీలకు పట్టముల నొసగగా, కేంబ్రిడ్జిలో ఆ హక్కు 1948లో గాని కలుగలేదు.

విద్యార్థినుల పందెము కొన్నియేండ్లు జరుగుచు, కొన్నియేండ్లు ఆగుచు సాగెను. 2015వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన, పురుషులు పందెమాడు దినముననే, లండను నగరములోని పట్నీ నుండి మోర్ట్‌లేక్ వరకు విద్యార్థినులును పడవలు నడిపిరి. ఆ దూరము 4 మైళ్ల 374 గజములు. రెండు పడవలును ప్రక్కప్రక్కనే సాగెను. నాడును ఆక్స్‌ఫర్డు జట్టే గెలిచెను. కాని ఓడిన జట్టునకును దక్కినది ఒకటి కలదు: పురుషుల బలమును కొలిచిన నదియే, అదే దూరమే, తమ బలమునకును కొలతయయ్యెను.

అర మైలు నుండి నాలుగు మైళ్లకు చేరుటకు 88 ఏండ్లు పట్టెను. తెడ్డు వేయువారు తాము చేరబోవు తీరమును చూడలేరు. దాటివచ్చిన నీటినే చూచుచుందురు. 1927 నాటి యువతులును తాము తెరచిన దారి ఎచ్చటికి పోవునో ఎరుగరు. అయినను వారు తెడ్డు విడువలేదు.