పంచాయతీ కంప్యూటరు - స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు

కంప్యూటరును నడిపించు మూల సాఫ్ట్‌వేరునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. వానిలో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతును ముగించినది. విండోస్ 11 అనేక పాత యంత్రములకు సరిపడదు. అంతమాత్రమున, చక్కగా పనిచేయుచున్న యంత్రమును మూలబెట్టి, పంచాయతీ సొమ్ముతో క్రొత్తది కొనవలయునా?

అక్కరలేదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఆధారముగా వెలసిన పెక్కు సిస్టములకు లైసెన్సు రుసుము లేదు. సోర్సు కోడనబడు మూలరచనను ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, ఇతరులతో పంచుకొనవచ్చును. కనుకనే దీనిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అందురు. మన దేశపు సీడాక్ సంస్థ రూపొందించిన 'బాస్' ఇట్టిదే. కేరళ ప్రభుత్వ పాఠశాలలును లినక్స్‌నే వాడుచున్నవి.

అయినను తొందర కూడదు. ముందుగా దస్త్రముల నకలు వేరుగా తీసి ఉంచుడు. పెన్‌డ్రైవు నుండి లినక్స్‌ను నడిపి, ప్రింటరు, డిజిటల్ సంతకపు పరికరము, తెలుగు టైపు సరిగా పనిచేయునో లేదో కార్యదర్శిచే పరీక్షింపజేయుడు. అన్నియు కుదిరిన పిదపనే తీర్మానము చేయుడు.