ఉపాధి విచారము – నిత్యవ్యవహారమున దాని ప్రయోజనము

తర్కసంగ్రహమును పఠించిన విద్యార్థి హేత్వాభాసములు ఐదని తడుముకొనక చెప్పగలడు. సవ్యభిచారము, విరుద్ధము, సత్ప్రతిపక్షము, అసిద్ధము, బాధితము అని వరుసగా వల్లించును. ఒక్కొక్కదానికి లక్షణమును, ఉదాహరణమును చెప్పును. కాని గ్రంథమున లేని ఉదాహరణము నొకదానిని చెప్పుమనినచో మౌనము వహించును. అదే హేత్వాభాసము బజారులోనో, కార్యాలయములోనో, వార్తాపత్రికలోనో ఎదురుపడినపుడు గుర్తింపజాలడు. ఇది విద్యార్థి దోషము కాదు, పాఠము చెప్పు పద్ధతిలోని దోషము. పర్వతము, ధూమము, వహ్ని, మహానసము అను నాల్గింటిని దాటి పాఠము కదలకపోవుటచే శాస్త్రమంతయు ఆ కొండమీదనే నిలిచిపోయినది.

17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు ఆంధ్రుడు. బాలుర సుఖబోధకొరకు ఈ గ్రంథమును రచించుచున్నట్లు ఆరంభముననే చెప్పుకొనెను. ఇచట బాలుడనగా చంటిబిడ్డ కాడు. వ్యాకరణ కావ్య కోశములు చదివి న్యాయశాస్త్రము చదువనివాడని వ్యాఖ్యాతలు వివరించిరి. ఆ లెక్కన నేటి పట్టభద్రులు పెక్కురు బాలురే. వ్యాకరణ కావ్యములును చదువనివారి నేమనవలెనో వ్యాఖ్యాతలు చెప్పలేదు.

అనుమానమునకు ప్రాణము వ్యాప్తి. రెండు వస్తువులు పలుమారులు కలిసి కనబడినంత మాత్రమున వ్యాప్తి సిద్ధింపదని అన్నంభట్టు దీపికలో స్పష్టము చేసెను. పార్థివమైన ప్రతి వస్తువును ఇనుముచే గీయబడునని వందలకొలది చోట్ల కనబడును. మట్టికుండ గీయబడును, కొయ్య గీయబడును. అయినను వజ్రము పార్థివమేయైనను ఇనుమునకు లొంగదు. వంద దృష్టాంతములు కట్టిన గోడను ఒక్క వజ్రము కూల్చినది. కావున వ్యాప్తిజ్ఞానమునకు సహచారదర్శనముతోపాటు వ్యభిచారజ్ఞానము లేకుండుటయు కావలెను. ఈ రెండవ మాటయందే బుద్ధి పరీక్షింపబడును. ఏలయన, తనకు నచ్చిన నిర్ణయమునకు అనుకూలములైన దృష్టాంతములు పిలువకయే వచ్చును. వ్యభిచారస్థలమును మాత్రము వెదకికొనవలెను.

ఆ వెదకుటకు శాస్త్రము చేతికిచ్చిన సాధనము ఉపాధి. నేడు తెలుగున ఉపాధి యనగానే ఉద్యోగమని తోచును గాని, శాస్త్రమున దాని యర్థము వేరు. సాధ్యము ఉన్న ప్రతిచోటను ఉండి, హేతువున్న ప్రతిచోటను ఉండనిది ఉపాధి. 'పర్వతము ధూమము కలది, వహ్ని యుండుటచే' అని ఒకడనెననుకొందము. వినుటకు బాగుగనే యున్నది. కాని కాలిన ఇనుపగుండునందు వహ్ని యున్నది, ధూమము లేదు. ధూమమునకు తడికట్టెల సంయోగము కావలెను. ధూమమున్నచోట నెల్ల తడికట్టె యున్నది. వహ్ని యున్నచోట నెల్ల లేదు. వాది వహ్నికి కట్టబెట్టిన ఘనత తడికట్టెకు చెందవలసినది.

మిత్ర యను స్త్రీ కుమారులందరు నల్లనివారు; గర్భమున నున్నవాడును ఆమె కుమారుడే గనుక నల్లనివాడే యగునని మరియొక ప్రసిద్ధోదాహరణము. తల్లి తినిన శాకాద్యాహారముయొక్క పరిణామము ఇచట ఉపాధియని ప్రాచీనులు చెప్పిరి. నేటి వైద్యులు ఆ కారణము నంగీకరింపరు. అయినను మిత్రాపుత్రత్వమే కారణమా, దానితో కూడి వచ్చిన మరియొకటి కారణమా యను ప్రశ్నకు చ్యుతి లేదు.

ఆ ప్రశ్ననే కొండమీదినుండి ఇంటిలోనికి దింపవలెను. ఫలానా కళాశాలలో చేరిన పిల్లలకు ప్రవేశపరీక్షలలో ర్యాంకులు వచ్చుచున్నవి, కావున మనవానికిని వచ్చును అని తండ్రి తలచును. పొలమమ్మి రుసుము చెల్లించును. ఇచట హేతువు ఆ కళాశాలలో చదువుట, సాధ్యము ర్యాంకు. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చినవారిని ఏరి ఆ సంస్థ ప్రత్యేకవర్గముగా చేర్చుకొనుచున్నదేమో విచారింపవలెను. పూర్వసిద్ధమైన సామర్థ్యము ర్యాంకు వచ్చిన ప్రతివానియందును ఉండి, అచట చదువు ప్రతివానియందును లేనిచో అదియే ఉపాధి. ప్రకటనలలో ర్యాంకరుల చిత్రపటములు కనబడును. ఎందరు చేరిరో, ఎందరు వట్టిచేతులతో వెడలిరో కనబడదు. వ్యభిచారస్థలములన్నియు ఆ చిత్రపటముల వెనుకనే యున్నవి. చేరినవారి సంఖ్య యెంత యని ఒక్క ప్రశ్న వేసిన తండ్రి నైయాయికుడే. అతడు తర్కసంగ్రహమును చూచియుండనక్కరలేదు.

కార్యాలయములందును ఇంతే. క్రొత్త గుమాస్తా వచ్చిన నెలనుండి లెక్కలలో తప్పులు పెరిగినవని అధికారి యతనిపై నేరము మోపును. ఆ నెల మార్చియై, సంవత్సరాంతపు పని మూడింతలై యుండవచ్చును. గత మార్చిలో, ఈ గుమాస్తా లేనపుడు, తప్పులెన్ని? ఆ పాత పుస్తకము తెరచి చూచుట యొక గడియ పని. చూడనిచో ఒకని యన్నము పోవును. జ్వరమునకు మందుపుచ్చుకొని మూడవనాటికి లేచినవాడు మందును స్తుతించును. పుచ్చుకొననివారును మూడవనాటికే లేచిరా యని అడుగడు. ఇది వ్యతిరేకమును చూడకుండుట.

ఇక శబ్దప్రమాణము. ఆప్తుడనగా యథార్థవక్త యని అన్నంభట్టు లక్షణము. చేతిలోని ఫోనునకు వచ్చు సందేశమునకు వక్త యెవడో తెలియదు. పంపినవాడు బంధువే గాని చెప్పినవాడు కాడు. బంధుత్వమును ఆప్తత్వముగా భావించుటయే ఇందలి భ్రాంతి. దీనికి పెద్ద చర్చ అక్కరలేదు.

ప్రతిదానిని శంకించినచో జీవనమెట్లు సాగునని కొందరడుగుదురు. శంకకు వ్యాఘాతము అవధియని ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో నిర్ణయించెను. అన్నము ఆకలి తీర్చునా యని శంకించువాడు భోజనపంక్తిలో కూర్చుండరాదు. కూర్చుండెనా, వాని శంకను వాని ప్రవృత్తియే ఖండించును. అట్టి శంకకు విలువ లేదు. వజ్రమును చూపి చేయు శంకకు విలువ గలదు.

ఇది మన ప్రాచీనులు చెప్పినది గనుక సత్యమని గర్వించుటయు తగదు. ప్రాచీనత్వమే హేతువైనచో చార్వాకమతమును ప్రాచీనమే. దానిని నైయాయికులేల ఖండించిరి? నూతనత్వమును హేతువుగా చూపువారికిని ఇదే సమాధానము. చిత్రమేమన, ఎదుటివాని హేతువునందు ఉపాధిని చూపుటకు ఉత్సహించు పండితుడు తన హేతువును తాకనీయడు. వాదమునకును జల్పమునకును గల భేదము ఇచటనే తెలియును. వాదము తత్త్వనిర్ణయమునకు, జల్పము గెలుపునకు.

పాఠశాలలలో ఒక చిన్న మార్పు సాధ్యము. హేత్వాభాసపాఠము ముగిసిన దినమున గురువు విద్యార్థులను ఒక ప్రకటననో, ఒక వార్తనో, ఇంటిలో విన్న ఒక మాటనో తెమ్మనవలెను. దానిని పంచావయవవాక్యముగా మార్పించి, హేతువేదో సాధ్యమేదో తేల్చి, ఉపాధిని వెదకింపవలెను. మరునాడు గురువు తాను ముందురోజు చెప్పిన మాట నొకదానినే తెచ్చి, దానియందును వెదకుడని వారిముందుంచవలెను.